మగపిట్ట పెట్టిన గుడ్డు

ఆగండి. చేతిలో పని కాసేపు పక్కన పెట్టి ఇది వినండి. నరసన్నపేట మెయిన్ రోడ్డు వెనక సందులో చినబాబు పిట్టల కొట్టు. కార్తీకమాసం, శనివారం, పొద్దున్న తొమ్మిది గంటలు. షట్టరు ఇంకా సగమే లేచింది. బల్లకి అటు చినబాబు. ఇటు బెల్లం హోల్‌సేల్ షావుకారు నరసింగరావు, ఆయన కూతురు సింధూరి. ఆ అమ్మాయి చేతిలో చెప్పుల అట్టపెట్టె, అందులో పిచ్చుకకన్నా చిన్నదైన ఒక ఫించ్ పిట్ట.

"రెండూ మగవే ఇమ్మన్నానా, లేదా? ముందు దానికి చెప్పు."

"అన్నారు బాబూ. పాపా, ఆ పెట్టి ఇలగియ్యి."

"పెట్టె సంగతి తరవాత. ఇదే బల్ల ముందు నిలబడి నేను ఏటన్నాను చినబాబూ? మా ఇంట్లో గుడ్డు అన్న మాటే వినబడకూడదు, గుడ్డు పెట్టని పిట్టల్నే ఇయ్యి అన్నానా?"

"అన్నారు. మూత తియ్యమ్మా. ఎప్పట్నుంచి ఇలగున్నాది?"

"తెల్లారి చూశాను అన్నా. పంజరం అడుగున కూర్చుండిపోయింది, పైకి ఎగరట్లేదు, ఒళ్ళంతా ఉబ్బిపోయి బంతిలా ఉంది, తోక ఇలా పైకీ కిందకీ కొట్టుకుంటోంది. ఫోన్లో చూశాను, గుడ్డు లోపల ఇరుక్కుపోతే ఇలాగే ఉంటుందట, గంటల్లో పోతుందట, నేను నిన్న సాయంత్రం హాస్టల్ నుంచి వచ్చేసరికి బానే ఉంది, అంటే రాత్రి ఎప్పుడో..."

"సెప్పకమ్మా, కనబడతన్నాది. నా సేతిలో ఎట్టు. మెల్లగా. మెల్లగా అన్నాను."

"మగపిట్ట కడుపులోకి గుడ్డెలా వచ్చింది?"

"బాబూ, తవరి ఎనకాల గోడకి స్విచ్చున్నాది. కసింత నొక్కండి."

"నేనడిగేదేటి, నువ్వు చెప్పేదేటి?"

"దీనికి ఎచ్చదనం తగలాల. తగలకపోతే మనం కొట్టుకుంటుండగానే పోతాది. నొక్కండి."

"నొక్కాను. ఇప్పుడు చెప్పు."

"పాపా, ఫ్లాస్కులో ఏణ్ణీళ్ళున్నాయి. ఆ గిన్నిలో పొయ్యి, బల్బు కింద ఎట్టు, ఆవిరి తగలాల. గూట్లో ఆముదం సీసా ఉన్నాది. అగ్గిపుల్లకి దూది సుట్టి ఒక్క సుక్క ముంచు."

"ఇదిగో. కొంచెం నొక్కితే బయటికి వచ్చేయదా అన్నా? ఒక వీడియోలో..."

"వీడియోలూ వద్దు, నొక్కుడూ వద్దు. నొక్కితే లోపల పగుల్తాది. పగిల్తే పిట్ట మనది కాదు. సానామంది అలగే సంపీసేరు."

"చినబాబూ."

"బాబూ."

"మా అమ్మ డెబ్బైనాలుగేళ్ళ మనిషి. తెల్లారి నాలుగింటికి లేచి తలమీద చన్నీళ్ళు పోసుకుని తడిబట్టతో దేవుడి గదిలోకి వెళ్ళే మనిషి. కార్తీకమాసం. మా వరండాలో, దేవుడి గదికి నాలుగడుగుల దూరంలో, గుడ్డు. దానికి నువ్వు ఏటి జవాబు చెప్తావు? ఆవిడకి తెలిస్తే అన్నం ముట్టదు. తెలుసా నీకు?"

"తెలిస్తే కదండి."

"ఏటన్నావు?"

"ఏటీ నేదు. ఆముదం ఇలగియ్యమ్మా."

"నాన్నా, ప్లీజ్, అన్నని పని చేసుకోనియ్యి."

"నువ్వు మాట్లాడకు. గుడ్డు పెట్టిన సంగతి నీకు ముందే తెలుసు. తెలిసి నోరు మూసుకున్నావు. పొద్దున్న ఏడుస్తూ నోరు జారేవు కాబట్టి నాకు తెలిసింది."

"ఒక్కటే చూశాను. మూడు వారాల కిందట, ఆదివారం. పంజరంలో అవి పడుకునే కుండలో తెల్లగా, వేరుశనగ గింజంత. చెప్తే నువ్వు పంజరం తీసుకెళ్ళి వీధిలో పెట్టేస్తావని చెప్పలేదు."

"పెట్టేద్దును."

"అందుకే చెప్పలేదు."

"చూశావా చినబాబూ, దీని మాటలు చూశావా? ఇంటర్‌లో మార్కులొచ్చాయని మురిసిపోయి పిట్టలు కొనిచ్చాను. కుక్క కావాలంది, కాదన్నాను. చేపలు కావాలంది, కాదన్నాను. ఈ పిట్టలైతే కొర్రలూ సామలూ తింటాయి, నీసు లేదు, మగవైతే గుడ్డు గొడవా లేదన్నావు. నువ్వే అన్నావు."

"నానే అన్నాను. నాను మగవే ఇచ్చేను."

"మగది గుడ్డెలా పెడతాదిరా?"

"మగది ఎట్టదు."

"మరి?"

"పాపా, ఇది ఒకప్పుడు పాడేదా?"

"రెండూ పాడేవి అన్నా. ఒకటి మొదలెడితే రెండోది పోటీకి. దసరాల ముందు వరకూ. సెలవలకి ఇంటికొచ్చేసరికి ఇది పాడటం మానేసింది. ఒంట్లో బాలేదేమో అనుకున్నాను. నెట్‌లో చూస్తే బెంగాలీ ఫించ్‌లలో మగా ఆడా ఒకేలా ఉంటాయి, మగది పాడుతుంది, ఆడది పాడదు, అదొక్కటే తేడా అని ఉంది. మరి మొదట్లో పాడింది కదా, అయితే ఇది మగదే కదా అనుకున్నాను."

"పాడింది ఇది కాదు."

"అంటే?"

"ఇది పాడనేదు. ముందు పాడింది ఏరే పిట్ట. అది ఇదిగో, ఆ మూల పంజరంలో ఉన్నాది, తల మీద తెల్లమచ్చతోటి. ఇప్పటికీ పాడతాది."

"అదిక్కడ ఎందుకుంది?"

"మారింది."

"ఏటి మారింది చినబాబూ? సరిగ్గా చెప్పు."

"పిట్ట మారింది బాబూ. మీ ఇంటినుంచే ఒకలొచ్చి, మగదాన్ని ఇచ్చీసి, ఆడదాన్ని పట్టికెల్లేరు. మచ్చ అలగే ఉన్నదాన్ని ఏరి ఇమ్మంటే ఏరి ఇచ్చేను. ఇచ్చేను నాను. తప్పే. దీన్ని ఇలగ సూస్తంటే ఇంకేటని బొంకను?"

"ఎవరు?"

"అదడగకండి."

"ఎవరూ అని అడుగుతున్నాను."

"మాటిచ్చేను బాబూ. సెప్పను."

"చెప్పవా? ఈ బజార్లో నీ కొట్టు ఉండదు, తెలుసా?"

"ఉండకపోతే మరో బజారు. పాపా, నీళ్ళు సల్లారిపోనాయి, మార్చు."

"నువ్వే కదా? సింధూరీ, నావేపు చూడు. నువ్వే కదా మార్చింది?"

"నేను కాదు."

"నువ్వు కాక ఇంకెవరు? పిల్లలు చెయ్యాలి, పిల్లలు చెయ్యాలి అని నువ్వే కదా మీ అమ్మ దగ్గర గునిసింది? నేను వినలేదనుకుంటున్నావా?"

"అడిగాను. మీరు వద్దన్నారు. అక్కడితో అయిపోయింది. దసరాల ముందు నేను విజయనగరంలో ఉన్నాను నాన్నా, ఇంటర్నల్స్ రాస్తున్నాను. బస్సు టికెట్ చూపించమంటావా?"

"అయితే మీ అమ్మ."

"అమ్మా? అమ్మకి ఈక కనబడితే తుమ్ములు. పంజరం వైపే రాదు."

"మరి ఎవరు? నేనా?"

"ఏమో. గుడ్డు తీసి పారేసింది మటుకు నువ్వే."

"ఏ గుడ్డు?"

"ఆదివారం నేను చూసిన గుడ్డు. సోమవారం పొద్దున్న బస్సెక్కే ముందు చూస్తే లేదు. పెంకు ముక్క కూడా లేదు. పోయినవారం వచ్చినా కుండ ఖాళీ. నిన్నా ఖాళీ. నువ్వే తీసి పారేసి, ఏం తెలీనట్టు తిరుగుతున్నావు, ఇప్పుడు అన్న మీద పడి అరుస్తున్నావు."

"మా నాన్న మీద ఒట్టు, ఆ కుండలో నేను చెయ్యి పెట్టలేదు. గుడ్డు ముట్టుకుంటానా నేను? ఈ వయసొచ్చేదాకా గుడ్డు చేత్తో పట్టుకుని ఎరగను."

"ఆగండి. ఆగండి ఇద్దరూ. కుండ కాళీగా ఉన్నాదా? రోజూ?"

"నేను చూసినప్పుడల్లా ఖాళీయే అన్నా. తల్లే తినేస్తోందేమో అనుకున్నాను. కొన్ని తినేస్తాయట కదా."

"తింటే పెంకు మిగుల్తాది, కుండలో తడి మిగుల్తాది. అలగ ఏటీ నేదంటే మనిసి సెయ్యే. ఓరి బాబో. అదా సంగతి."

"ఏ సంగతి?"

"సూడమ్మా, ఇది రోజుకొకటి ఎడతాది. నాలుగో అయిదో అయ్యేక కుండ నిండింది అనుకుని పెట్టడం ఆపీసి పొదుగుతాది. తీసీస్తే దానికి తెలీదు కదా. నిండనేదు నిండనేదు అని పెడతానే ఉంటాది. పెట్టి పెట్టి ఒంట్లో ఉన్న సున్నమంతా పెంకులకే పోతాది. ఆకరికి పెంకు కట్టడానికి ఏటీ మిగలదు, గుడ్డుని బయటికి తొయ్యడానికి కండలో బలం ఉండదు. ఇదిగో, ఇలగ కూలబడతాది."

"మూడు వారాలు అన్నా. మూడు వారాలు రోజుకొకటి?"

"మద్దిలో ఒకటి రెండు రోజులు ఆగినా పదిహేనుకి తగ్గవు. దీని ఒళ్ళు ఎంతుంటాది? ఒక గుప్పెడు బెల్లం బరువు నేదు."

"నా బెల్లం ఊసెందుకు ఇప్పుడు?"

"మరి అడుగుతున్నాను, నాను ఇచ్చిన సముద్రపు నురుగు ముక్క ఏదమ్మా? పంజరానికి కట్టమన్నాను కదా. తెల్లగా, అరచెయ్యంత. అది గోకుతుంటే దీనికి ఈ గతి రాదు. సున్నం దానిలోనే ఉంటాది."

"నాన్న తీసేశాడు."

"తీసేశాను. అది సముద్రంలో చేప ఎముకట. ఎవరో చెప్పారు నాకు. మా అమ్మ తిరిగే వరండాలో చేప ఎముక వేలాడదీస్తానా?"

"గుడ్డు పెంకు కాల్చి పొడి సేసి ఎయ్యమన్నాను పోనీ."

"అది అసలు గేటు దాటి లోపలికే రాదు."

"ఏటి బాబూ మీరు. నాను నోరు మూసుకుంటన్నాను, మూసుకుంటన్నాను, ఎంతసేపని? ఎముక వద్దు, పెంకు వద్దు, గుడ్డు వద్దు. పిట్ట మటుకు కావాల. పిట్టంటే ఏటనుకున్నారు, గోడకేసే కేలండరా? అది రోజూ దాని ఎముకలోంచి సున్నం గీసి గీసి గుడ్డు కట్టింది, మీరు దాని నోటికాడ ముక్క లాగీసేరు. నా కొట్టుకొచ్చి నా మీద అరుస్తున్నారు."

"గొంతు తగ్గించు."

"తగ్గించను. నా కొట్టు ఇది. అదిగో, ఉలిక్కిపడింది. మీ వల్లే."

"మెల్లగా మాట్లాడు అన్నా, నీ చేతిలోనే ఉంది."

"నేను ఎవరి కోసం చేస్తున్నాను ఇదంతా? నాకోసమా? మా నాన్న పోయినప్పట్నుంచి ఇరవైరెండేళ్ళుగా మా అమ్మ మడి చెడకుండా కాపాడుకొస్తున్నాను. మేడ మీద అద్దెకున్న టీచరమ్మ అనిత, ఎంత మంచిమనిషి, ఆమ్లెట్ వాసన వచ్చిందని వారంలో ఖాళీ చేయించాను. నా మనసుకి కష్టం కలగలేదా? కలిగింది. అయినా చేశాను. అమ్మ కోసం."

"నాకు రక్తం తక్కువుంది, రోజుకో గుడ్డు పెట్టండి అని డాక్టర్ రాసిస్తే ఆ కాగితం చింపేశావు."

"బీట్‌రూట్ ఇచ్చాం. ఖర్జూరం ఇచ్చాం. తక్కువ చేశామా?"

"హాస్టల్లో నేను రోజూ తింటున్నాను."

"ఏటి?"

"గుడ్డు. ఉడకబెట్టింది. రోజూ రాత్రి. రెండేళ్ళుగా. ఏం చేస్తావో చెయ్యి."

"సింధూరీ."

"వీధిలో పెట్టేస్తావా నన్ను కూడా, పంజరంతో పాటు?"

"నోటికి ఎంతొస్తే అంత... మీ నానమ్మకి తెలిస్తే..."

"నానమ్మకి తెలిస్తే, నానమ్మకి తెలిస్తే. నానమ్మని ఎప్పుడైనా ఒక్కసారి అడిగావా నువ్వు?"

"ఏటడగాలి? అడిగే మాటా అది? ఆవిడ ముందర ఆ పేరెత్తితే..."

"ఉండండి. ఉండండి. నోరెత్తకండి. తోక ఆపింది. పాపా, గుడ్డ అడుగున పట్టు. ఊపిరి గట్టిగా తీస్తన్నాది. లైటు దగ్గరికి తియ్యి. రా తల్లీ. రా. మా తల్లే. ఇంకొంచెం."

"అన్నా, కళ్ళు మూసేసింది."

"ముయ్యనీ. ఏడవకు, సెయ్యి కదుల్తాది. రా అమ్మా... అదిగో. వచ్చీసింది. సూసేవా? తోలుగుడ్డు. పెంకే నేదు, ఒట్టి పొర. నాను సెప్పలేదా?"

"పిట్ట? పిట్ట ఎలా ఉంది?"

"ఉన్నాది. కళ్ళు తెరిసింది. ఆ నీలం సీసాలో కాల్షియం సుక్కలున్నాయి, పుల్లతో ఒక్కటి ముక్కు పక్కన ఎయ్యి. లోపలికి కారకూడదు, పక్కన. అదే నాక్కుంటాది. అలగ."

"నాక్కుంది. నాన్నా, చూడు, నాక్కుంది."

"చూశాను. సరే. బతికింది కదా. చినబాబూ, దీన్ని నువ్వే ఉంచేసుకో. రెండోదాన్ని మధ్యాహ్నం పంపిస్తాను. ఇంక నాకూ నీకూ మాటల్లేవు."

"బతికింది అని నాను అన్నేదు."

"కళ్ళు తెరిచిందన్నావు కదా."

"ఇవాళ తెరిసింది. లోపల ఇంకోటి తయారవుతుంటాది. రేపో ఎల్లుండో మళ్ళీ ఇదే. అదీ తోలుగుడ్డే. ఇంకొకసారి ఇలగైతే దీనికి ఓపిక నేదు. ఇక్కడ ఉంచడానికి కుదరదు బాబూ. నలభై పిట్టలు, సిలకల గోల, రోజంతా జనాలు. బెదిరి మేత ముట్టదు. జంటకీ కుండకీ దూరం సేస్తే ఇప్పుడున్న నీరసానికి రెండ్రోజులు కూడా ఉండదు. దాని సోట్లో, దాని మగడి పక్కనే ఉండాల."

"మరి ఏం చెయ్యాలి అన్నా?"

"దాని కుండలో నాలుగు గుడ్లుండాల. అంతే. నిండింది అని దానికి తోచాల. అప్పుడు పెట్టడం ఆపీసి కూకుంటాది. మూడు వారాలు కూకుంటే ఒళ్ళు కోలుకుంటాది. నురుగు ముక్క మళ్ళీ కట్టాల."

"నా ఇంట్లో నాలుగు గుడ్లా? మూడు వారాలా? కార్తీకం మొత్తమా?"

"ప్లాస్టిక్ గుడ్లు ఉంటాయి కదా అన్నా, దొంగగుడ్లు, నేను వీడియోలో..."

"ఉంటాయి. వైజాగ్ నుంచి తెప్పించాల, నాలుగైదు రోజులు. దీనికి టైము రేపటిదాకే."

"ప్లాస్టిక్‌దైనా గుడ్డు గుడ్డే. ఆ ఆకారమే వద్దు."

"ప్లాస్టిక్‌కి కూడా మైలేనా నాన్నా? వింటున్నావా నువ్వేం మాట్లాడుతున్నావో?"

"అది పెట్టిన గుడ్లే ఉంటే బాగుణ్ణు. దాని సొంత గుడ్లు. నాలుగైదు రోజుల్లోవైతే పరవానేదు, వాటిని ఎడితే సిటికెలో కూకుంటాది. అవెవలు తీసేరో, ఏ పెంటలో పారీసేరో."

"నాన్నే."

"నేను కాదని ఒట్టేశానా లేదా? మీ నానమ్మ దీపం వెలిగించే చోట నిలబడి ఏ దేవుడి మీద ప్రమాణం చెయ్యమంటే ఆ దేవుడి మీద చేస్తాను. నేను కాదు. చినబాబూ, నీకు తెలుసు. పిట్టని మార్చినోళ్ళే గుడ్లూ తీశారు. ఆ పేరు చెప్పు. నువ్వు పేరు చెప్తే గుడ్లు ఎక్కడున్నాయో నేను కక్కిస్తాను."

"గుడ్ల సంగతి నాకు తెలీదు బాబూ. నిజంగా తెలీదు."

"పేరు తెలుసు కదా."

"తెలుసు."

"చెప్పు అన్నా. పిట్ట కోసం చెప్పు. నువ్విచ్చిన మాట ఎక్కువా, ఇది ఎక్కువా?"

"అలగ అడక్కమ్మా. నాకూ అదే కొట్టుకుంటన్నాది పొద్దున్నుంచీ."

"చెప్పకపోతే ఇది రేపు చచ్చిపోతుంది. నువ్వే అన్నావు. చెప్పు."

"ఫోను మోగుతున్నాది."

"మోగనీ. చెప్పు."

"నా జేబులో పాపా. సేతులు కాళీ నేవు. కట్ సెయ్యి. సూడకుండా కట్ సెయ్యి."

"చూడకుండా ఎలా కట్... అన్నా. ఇదేంటి? 'షావుకారు గారి అమ్మగారు' అని ఉంది."

"ఎవరి అమ్మగారు?"

"మన నానమ్మ నంబరే నాన్నా. చివర రెండు సున్నాలు."

"మా అమ్మ నీకెందుకు ఫోన్ చేస్తుంది చినబాబూ?"

"కట్ సెయ్యమ్మా. దండం ఎడతాను, కట్ సెయ్యి."

"ఎత్తు. స్పీకర్లో పెట్టు. నువ్వు నోరు మెదిపావంటే చూడు చినబాబూ. ఎత్తు సింధూరీ."

"చినబాబూ, నేనే నాయనా, పార్వతీదేవిని. ఒక్కడివే ఉన్నావా?"

"అమ్మగారూ, ఇప్పుడు కాదండి, కాసేపాగి నానే..."

"మాటకి అడ్డం రాకు, పూజ మధ్యలోంచి లేచొచ్చాను. మావాడు సింధూరి గుంటని వెంటబెట్టుకుని నీ దగ్గరకే వస్తున్నాడు. మండిపోతున్నాడు. నా పేరు బయటపెట్టకు. పిట్ట ఎలా ఉందో చూసి చెప్పు, అది పోతే నా పాపమే. మగవాళ్ళిద్దర్నీ ఒక పంజరంలో పడేశారు, అది ఎవరి కోసమో తెలియకుండా రోజంతా పాడుతుంటే వినలేక నిన్ను బతిమాలి మార్పించుకున్నాను. అది కాపరం చేసుకుంటుంది కదా, చూసి మురిసిపోదాం అనుకున్నాను. గుడ్లు పెడితే వాడు చూడకముందే తీసేస్తే సరిపోతుందనుకున్నాను, తీస్తే ఇంకా ఇంకా పెడుతుందని నాకేం తెలుసు? గుడ్డు లోపల ఇరుక్కుపోయిందని పొద్దున్న సింధూరి ఫోన్లో చదివి వాళ్ళమ్మకి చెప్తుంటే విన్నాక గానీ నాకు తట్టలేదు."

"అమ్మగారూ, ఒక్క మాట..."

"విను ముందు. పద్దెనిమిది తీశాను. తెల్లారి స్నానం చేసి, దీపం పెట్టి, మొదట ఆ పనే. వేలికి వెచ్చగా తగిలేవి నాయనా. గుడ్డంటే నాకేం పగ? అది మా అత్తగారి పట్టింపు, మా ఆయన పట్టింపు. ఆయన పోయాక వీడు నా కోసమే అని పట్టుబట్టాడు. అంత ప్రేమగా పట్టుబడుతుంటే నాకక్కర్లేదురా అని ఎలా అంటాను? వాడి మనసు నొచ్చుకోదా? ఇరవైరెండేళ్ళు గడిచిపోయాయి. ఇప్పుడిక అనలేను. సరే, అది వదిలెయ్. మొదటివి గోరింట మొక్క మొదట్లో పాతేశాను. మంగళవారం నుంచి పెట్టినవి నాలుగూ పాతబుద్ధి కాలేదు. దేవుడి గూట్లో, వత్తులు చేసే పత్తిలో చుట్టి దాచాను, అక్కడైతే వాడు చెయ్యి పెట్టడు. ఇప్పుడు చెప్పు, ఆ నాలుగూ తీసుకెళ్ళి కుండలో పెట్టెయ్యనా, వద్దా? వాడు నీ దగ్గరికి వచ్చేలోగా చెప్పు. పలకవేం నాయనా? చినబాబూ?"

చినబాబు రెండు చేతుల్లోనూ పిట్ట ఉంది. ఫోన్ సింధూరి చేతిలో ఉంది. నరసింగరావు బల్ల అంచు పట్టుకుని ఫోన్ వైపు వంగి వింటున్నాడు. అవతల ఆవిడ ఇంకా లైన్లోనే ఉంది. చినబాబు చోట్లో మీరుంటే, కొడుకు వింటున్నాడని తెలిసి, ఆ తల్లికి ఏమని చెబుతారు?